నలభై రెండు సంచికల ఎత్తు

మా కారు స్ప్రింగులు కోయించింది వేగం కోసం కాదు, సోకు కోసమూ కాదు. మా అత్తగారి మోకాళ్ల కోసం.

సంగతి తొంభై ఏడు క్రిస్మస్ నాడు మొదలైంది. అత్తగారు మార్తమ్మగారికి అప్పటికి డెబ్బై ఒకటి. ఆవిడ చెల్లెలు, మా చిన్నత్తయ్య రూతమ్మగారికి అరవై ఎనిమిది. ఇద్దరికీ మోకాళ్లు అరిగిపోయాయి. ఎదుటి మనిషివి అరిగాయని ఇద్దరూ ఒప్పుకునేవారు. అంతకు నెల ముందు గుణదలలో ఒక పెళ్లి నుంచి వస్తూ మా అత్తగారు వ్యాను ఎక్కలేక నిలబడిపోతే, సంఘపెద్దలిద్దరు చెరో రెక్కా పట్టుకుని ఎక్కించారు. ఆ దృశ్యం చిన్నత్తయ్య కళ్లబడింది.

"బియ్యం బస్తాని కూడా అంత కష్టపడి ఎక్కించరు," అని బంధువుల ఇళ్లన్నిటా చెప్పారు. క్రిస్మస్ భోజనాల దగ్గర మా అత్తగారి ముందే మళ్లీ చెప్పారు.

అత్తగారు పెరుగన్నం కలుపుతున్న చెయ్యి ఆపారు. "ఒసే రూతూ, మార్చిలో నీ కొత్తింటి ప్రార్థనకి నా కొడుకు కారులో వస్తాను. నా కాళ్లతో ఎక్కి, నా కాళ్లతో దిగుతాను. చూద్దువుగాని."

"ఎవరి చెయ్యీ పట్టుకోకుండానే?"

"ఎవరి చెయ్యీ పట్టుకోకుండానే."

"అయితే రిబ్బను నీదే అక్కా. చెయ్యి పట్టుకున్నావంటే మాత్రం మా ఆడపడుచు ఉంది, ఆవిడ కత్తిరిస్తుంది. ముందే చెబుతున్నా, తరవాత అలగొద్దు."

మాలో కొత్త ఇంటి ప్రార్థనకి గుమ్మానికి అడ్డంగా రిబ్బను కడతారు. దాన్ని కుటుంబంలో పెద్దవాళ్లు కత్తిరించాకే పాస్టరుగారైనా లోపలికి అడుగు పెట్టేది. వాళ్ల అమ్మానాన్నలు పోయాక పెద్ద మా అత్తగారే. ఆ రిబ్బను ఎవరో ఆడపడుచు చేతిలోకి పోవడమంటే, తనని వరసలోంచి లేపి వెనక బెంచీలో కూర్చోబెట్టడమే. ఆ రోజు నుంచి ఆవిడకి వేరే ధ్యాస లేదు.

మేముండేది కొండపల్లిలో. మా ఆయన ఎలీషా థర్మల్ స్టేషన్‌లో పనిచేస్తారు. మాకున్నది పాత ఫియట్ కారు. కొని రెండేళ్లయినా అత్తగారు ఒక్కసారీ అందులోకి ఎక్కలేకపోయారు. కాలు గడప దాకా లేవదు.

"ఒక పీట వేస్తే సరిపోతుందిగా అత్తయ్యా," అన్నాను.

"పీట వేసి ఎక్కించడానికి నేనేమన్నా ఊరేగింపు బొమ్మనా? అది చూసిందంటే ఇంకో పదేళ్లు చెప్పుకుని తిరుగుతుంది."

"ఆగు స్టెల్లా," అన్నారు మా ఆయన. "పీట తాత్కాలికం. అసలు లోపం ఎక్కడుందో చూడాలి."

ఆయనకి ఏ పనైనా కొలతతో మొదలవ్వాలి. నా వారపత్రికలన్నీ తేదీల వారీగా కట్టలు కట్టి అటక మీద పెట్టుకున్నాను. వాటిని దించి, కట్లు విప్పి, వరండాలో ఒక్కొక్క సంచికే పేరుస్తూ, "ఇప్పుడు వెయ్యమ్మా," అంటూ అత్తగారి చేత కాలు వేయించారు. నలభై రెండు సంచికల దాకా కాలు లేచింది. నలభై మూడోదానికి లేవలేదు. స్కేలు పెట్టి చూస్తే ఎనిమిది అంగుళాలు. కారు గడప పదమూడు.

"ఐదంగుళాలు దించాలి," అన్నారు.

"దేన్ని?"

"కారుని."

నా పత్రికలు మళ్లీ వరస ప్రకారం సర్దుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఒక సంచిక ఇప్పటికీ దొరకలేదు.

విజయవాడ ఆటోనగర్‌లో అబ్దుల్లా మేస్త్రీ దగ్గరికి నేనూ వెళ్లాను. ఆయన నెమ్మదస్తుడు. మా ఆయన చెప్పిందంతా విని, చేతులు గుడ్డతో తుడుచుకుని, "రేసుకా సార్?" అని అడిగాడు.

"కాదు. మా అమ్మ కోసం."

"అమ్మగారి వయసు?"

"డెబ్బై ఒకటి."

మేస్త్రీ కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. "మన రోడ్లకి బండి పైకి లేపమని వస్తారు సార్. ఇరవై ఏళ్ల సర్వీసులో దించమన్నది మీరే. ఒక పీట వేసుకోరాదా?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ఆకాశం వైపు చూశారు.

ప్రార్థన శనివారం. శుక్రవారం సాయంత్రానికి మేస్త్రీయే కారు ఇంటికి తెచ్చాడు. ముందు చక్రాల దగ్గరి స్ప్రింగుల్ని రెండేసి చుట్లు కోసేశాడట. వెనక కమాను పట్టీలు సగం తీసేశాడు. తీసిన పట్టీలూ, కోసిన ముక్కలూ గోనెసంచిలో చుట్టి నా చేతికే ఇచ్చాడు. "పారెయ్యకండమ్మా. కమాన్లు మళ్లీ వేసుకోవచ్చు. ముందువి మాత్రం కొత్తవి కొనాల్సిందే."

వాకిట్లో ఆగిన కారు గుడ్ల మీద పొదిగిన కోడిలా ఉంది. చక్రాలు సగం రెక్కల్లోకి పోయాయి. అత్తగారు బయటికొచ్చి చూసి, చాలా తృప్తిపడ్డారు. "ఇదీ కారంటే. మనిషి ముందు అణకువగా ఉంది."

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఆవిడ క్రీమ్ రంగు పట్టుచీర కట్టుకుని, బైబిలు చంకలో పెట్టుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కుడికాలు లోపల వేశారు. తరవాతిది ఎక్కడం కాదు, దిగబడడం. సీటులోకి ఒక్కసారిగా జారి, "స్తోత్రం" అన్నారు. మోకాళ్లు గడ్డం దగ్గరికొచ్చాయి.

"ఏమండీ, ఎక్కడం చూశాం. దిగడం కూడా ఒకసారి చూడకూడదా?" అన్నాను.

"ఎక్కడానికి బలం కావాలి స్టెల్లా. దిగడానికి ఎందుకు? ఏ వస్తువైనా కిందికి రావడం తేలిక," అన్నారు మా ఆయన. ఆయన కొలిచింది గడపని. సీటుని కొలవలేదు. ఆ మాట నేను అనలేదు. డిక్కీలో కానుకగా ఇవ్వబోయే గ్రైండరు సర్దే వంకతో, పాత చీరలో చుట్టిన నా టేకు పీటని దాని వెనక్కి తోశాను.

మైలవరం దారిలో స్పీడ్ బ్రేకర్లు సర్కారు వేసినవి తక్కువ. ఊళ్లో కాస్త పేరున్న ప్రతివాళ్లూ తమ ఇంటి ముందు ఒకటి వేయించుకుంటారు. ఎంత పెద్దమనిషైతే అంత పెద్దది. కొండపల్లి పొలిమేర దాటాక మొదటిదాని మీద కారు కింద నుంచి రేకు చీరినట్టు చప్పుడైంది. మా ఆయన ఆపి, వంగి చూసి, లెక్క వేసుకుని, "నువ్వు దిగితే సరిపోతుంది," అన్నారు.

దిగాను. కారు దాటింది. ఎక్కాను.

రెండోది ఎవరో సర్పంచిగారిది. నేను దిగినా తగిలింది.

"ఇంకో పది కేజీలు తగ్గాలి," అన్నారు.

"నేను దిగనా?" అన్నారు అత్తగారు.

"నువ్వు దిగితే మనం చేసిందంతా దేనికమ్మా? నువ్వు కదలకు. స్టెల్లా, గ్రైండరులో రాయి తీసుకో."

అలా ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా నేను దిగడం, డిక్కీ తెరిచి గ్రైండరు రాయి తీయడం, దాన్ని చంటిపిల్లలా చంకనేసుకుని దాటడం, మళ్లీ డిక్కీలో పెట్టడం. పట్టుచీరలో, మల్లెపూలతో. అత్తగారు మాత్రం వెనక సీటులో ఒక్కరే, కిటికీలో తల మాత్రం కనిపిస్తూ, నెమ్మదిగా గుట్టలు దాటేవారు. ఎనిమిదోదాని దగ్గర టీ కొట్టావిడ ఉండబట్టలేక అడిగింది.

"ఏంటమ్మా, మొక్కా?"

"మొక్కేనండి. మా అత్తగారిది."

"ఎన్ని ఊళ్లు మొయ్యాలి?"

"మైలవరం దాకా."

"పాపం," అని ఆవిడ నాకు టీ ఇచ్చి, డబ్బులు పుచ్చుకోలేదు.

జి.కొండూరు దాటాక స్పీడ్ బ్రేకర్లు తగ్గాయని ఊపిరి పీల్చుకున్నాం. అక్కడ రోడ్డు మీద మినుము పరిచారు. పీకిన మొక్కలు ఆరబెట్టి రోడ్డు మీద వేస్తే, వచ్చే పోయే బళ్ల కింద నలిగి గింజ రాలుతుంది. లారీలూ బస్సులూ దాని మీదుగానే పోతున్నాయి. మేమూ పోయాం. మా కారు మాత్రం తొక్కలేదు, ఊడ్చింది. పది గజాలు పోయేసరికి కింద మొక్కలన్నీ చుట్టుకుని, ముందుకి కదలక ఆగిపోయింది. వెనక రోడ్డు అద్దంలా శుభ్రంగా ఉంది.

చేలో నుంచి ఒక రైతు తువ్వాలు దులుపుకుంటూ వచ్చాడు. కారు కింద చూశాడు. రోడ్డు వైపు చూశాడు.

"ఏవండీ, నా అరెకరం మినుము మీ కారు కింద ఉంది."

"కావాలని చెయ్యలేదండీ," అన్నారు మా ఆయన.

"కావాలని చేసినా ఇంత బాగా రాదులెండి. ఇంతకీ ఇది కారేనా, కల్లంలో వాడేదా? వచ్చే ఏడు అద్దెకిస్తారా?"

మా ఆయనా, ఆ రైతూ బోర్లా పడుకుని మొక్కలన్నీ లాగి, మళ్లీ రోడ్డు మీద పరిచేసరికి ముప్పావు గంట పట్టింది. ఆయన పెళ్లినాటి సఫారీ సూటు మోచేతుల దగ్గర నల్లబడింది. అత్తగారు కిటికీలోంచి టైమెంతని అడుగుతూనే ఉన్నారు. ప్రార్థన పదకొండింటికి.

పదకొండుకి ఐదు నిమిషాలుందనగా చిన్నత్తయ్య వీధిలోకి తిరిగాం. షామియానా, కుర్చీలు, కొత్త ఇంటి గుమ్మానికి ఎర్ర రిబ్బను, పక్కన పాస్టరుగారు. గేటుకి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి అడ్డంగా, అన్నిటికన్నా పెద్ద స్పీడ్ బ్రేకరు. చిన్న మామయ్య ఇశ్రాయేలుగారు రిటైరైన హెడ్‌మాస్టరు. స్లాబు వేయగా మిగిలిన కాంక్రీటంతా వృథా చెయ్యకుండా అక్కడ పోయించారు.

"నేను దిగుతానుండండి," అని నేను తలుపు మీద చెయ్యి వేసేలోగా, అందరి ముందూ రాయితో దిగడం బాగోదనుకున్నారో ఏమో, మా ఆయన పోనిచ్చేశారు. ముందు చక్రాలు దాటాయి. కారు పొట్ట కాంక్రీటు మీద ఆనింది. అక్కడితో అయిపోయింది. అటూ పోదు, ఇటూ రాదు.

"ఫరవాలేదు. గేటు ముందే ఆగాం," అన్నారు మా ఆయన.

నేనూ ఆయనా దిగాం. యాభై మంది చూస్తున్నారు. చిన్నత్తయ్య ఇత్తడి పళ్లెంలో కత్తెర పెట్టుకుని, నెమ్మదిగా, కుంటు కనబడనివ్వకుండా నడుచుకుంటూ వచ్చారు. వెనకే వాళ్ల ఆడపడుచు.

నేను వెనక తలుపు తెరిచాను. అసలే సీటు పల్లంలో ఉంది. దానికి తోడు తలుపు కింద నేల గుట్టలా లేచి ఉంది. అత్తగారు పాదాలు బయట పెట్టారు. ముందు సీటుని పట్టుకుని లేవబోయారు. బెత్తెడు లేచి, మళ్లీ కూలబడ్డారు. నా వంక ఒక్క చూపు చూశారు. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరగడం నేను అంతకుముందు రెండే సార్లు చూశాను, మామయ్యగారు పోయినప్పుడొకటి, బైపాస్ రోడ్డుకి పొలం పోయినప్పుడొకటి. చెయ్యి చాచబోయాను. కళ్లతోనే వద్దన్నారు.

"రా అక్కా, దిగు. పదకొండవుతోంది," అన్నారు చిన్నత్తయ్య. గొంతులో తీపి కారిపోతోంది.

అత్తగారు కళ్లు తుడుచుకుని, పాదాలు లోపలికి తీసేసుకున్నారు. పక్కకి జరిగి కూర్చున్నారు.

"దిగుతాలేవే. నీ ఇల్లు ఎక్కడికి పోతుంది? ముందు నా కారు చూడు. ఈ సీటు మెత్తదనం చూడు. మీ ఆయన స్కూటరు మీద నలభై ఏళ్లు తిరిగావు, ఒక్క నిమిషం సుఖంగా కూర్చో."

"నాకెందుకే?"

"గడప కూడా లేదు చూడు. నీలాంటి మోకాళ్లకి కూడా వీలుగానే ఉంటుంది."

"నా మోకాళ్లకేమయింది?" అని, చిన్నత్తయ్య పళ్లెం ఆడపడుచు చేతికిచ్చి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కారులోకి జారారు. "హమ్మా," అన్న చప్పుడొకటి వినిపించింది.

అత్తగారు కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నారు. నేను చూశాను.

"చూశాను. బాగుంది. ఇంక దిగు," అన్నారు చిన్నత్తయ్య.

"తలుపు వైపు నువ్వున్నావుగా. ముందు నువ్వు దిగు."

చిన్నత్తయ్య లేవబోయారు. కూలబడ్డారు. ఇంకోసారి.

"ఒసే అక్కా. నీకు తెలుసు కదూ?"

"ఇప్పుడే తెలిసింది. నువ్వొచ్చే ముందు."

పాస్టరుగారు గడియారం చూసుకుంటూ వచ్చారు. "అమ్మా, పన్నెండున్నరకి వెల్వడంలో బాప్తిస్మాలున్నాయి. ఎవరైనా చెయ్యి అందించండయ్యా."

నలుగురు ముందుకొచ్చారు. "వద్దు!" అన్నారు అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకేసారి. చిన్నత్తయ్య పెట్టిన షరతు బంధువులందరికీ తెలుసు, ఆవిడే ఊరూరా చెప్పారు. ఇప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకుని దిగితే ఆ కథకి కాళ్లొస్తాయి. ఆడపడుచు పళ్లెం పట్టుకుని, "పోనీ ప్రస్తుతానికి నేను..." అనబోయింది.

"నువ్వు ఆ కత్తెర ముట్టుకున్నావంటే చూడు," అన్నారు చిన్నత్తయ్య లోపల నుంచి.

పాస్టరుగారు చేసేదిలేక పాట ఎత్తించారు. రెండు పాటలయ్యాయి. లోపల నుంచి అక్కాచెల్లెళ్లు శ్రుతి కలిపారు. మా ఆయన కారు కింద స్కేలు పెట్టి చూసి లేచారు. "మనుషుల్ని లేపక్కర్లేదు. కారుని లేపితే సీటు ఎత్తు వస్తుంది. వాళ్లంతట వాళ్లే నిలబడతారు."

ఇల్లు కట్టిన తాపీమేస్త్రీ జక్కయ్య కొత్తబట్టలు పెడతారని కుటుంబంతో వచ్చి కుర్చీలో ఉన్నాడు. ఇటుకలు మిగిలిపోయి ప్రహరీ పక్కన పేర్చి ఉన్నాయి. అతను లేచి పంచె ఎగ్గట్టాడు. పదిమంది మగాళ్లు ఒక్కో మూలా ఎత్తితే, జక్కయ్య చక్రం కింద ఇటుకలు పేర్చాడు. కారు కదిలినప్పుడల్లా లోపల నుంచి "యేసయ్యా" అని రెండు గొంతులు.

మూడు వరసలకే మా ఆయన "చాలు" అన్నారు. జక్కయ్య సంచిలోంచి రసమట్టం తీసి బానెట్ మీద పెట్టాడు.

"లెవెల్ రాలేదండి. ఇటు అరంగుళం వాలుంది."

"కారుకి లెవెలెందుకు జక్కయ్యా?"

"నా చేత్తో పేర్చింది వాలుగా ఉండదండి. రేపు జనం నన్నంటారు."

ఇటు ఒక వరస, దానికి సరిపడా అటు ఒక వరస. ఐదు వరసలకి బుడగ మధ్యలోకి వచ్చింది. కారు రోడ్డు మీద మేడలా నిలబడింది. లోపల నుంచి చిన్నత్తయ్య గొంతు వినిపించింది.

"అక్కా, ఇక్కణ్ణించి ఇల్లు బాగా కనిపిస్తోందే."

"అవునే. ఆ సన్‌షేడు వంకరగా లేదూ?"

"వంకరే! ఏవయ్యా జక్కయ్యా, కారుకి పెట్టిన రసమట్టం సన్‌షేడుకి పెట్టలేదేం?"

జక్కయ్య రసమట్టం సంచిలో పెట్టేసుకున్నాడు.

ఇప్పుడు సీటు మంచి ఎత్తులో ఉంది. చిన్నత్తయ్య సులువుగా ముందుకి జరిగి కాళ్లు బయటికి చాపారు. పాదాలు గాలిలో ఆడాయి. నేలకి ఇంకా మూరెడు దూరం. మా ఆయన స్కేలు తీశారు. తీస్తూనే మొహం మాడ్చుకున్నారు. అప్పుడు నేను డిక్కీ తెరిచి, గ్రైండరు జరిపి, చీర విప్పి పీట తెచ్చి తలుపు కింద వేశాను.

చిన్నత్తయ్య పీటని చూశారు, అక్కని చూశారు, పీట మీద కాలు పెట్టి దిగారు. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. వెనకే మా అత్తగారు జరుగుతూ వచ్చారు. పీట మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు. నిలబడి చీర కుచ్చిళ్లు సర్దుకుని, యాభై మందినీ ఒకసారి కలయజూశారు.

"కత్తెర," అన్నారు.

రిబ్బను పదకొండూ యాభైకి కత్తిరించారు. పాస్టరుగారు ప్రార్థన మూడు నిమిషాల్లో ముగించి వెల్వడం వెళ్లిపోయారు. మేం కోడిపలావు తిని, మధ్యాహ్నం అందరి చేతా కారు దింపించుకున్నాం. అత్తగారిని కొండపల్లి దాకా, వెల్వడం నుంచి తిరిగొచ్చిన పాస్టరుగారి జీపులో పంపారు. పీట వేసుకుని ఎక్కారు.

సోమవారం అబ్దుల్లా మేస్త్రీ నా చేతిలో గోనెసంచి చూసి, కొత్త స్ప్రింగుల కోసం కుర్రాణ్ణి కొట్టుకి పంపించాడు. ఏమీ అడగలేదు. మర్యాదస్తుడు.

పోయింది నా పీట ఒక్కటే. బయల్దేరే ముందు దాన్ని తీసుకోబోతుంటే అత్తగారు ఆపారు.

"అది రూతుకి ఇచ్చెయ్ అమ్మాయ్. కొత్తిల్లు కదా. ఆ మోకాళ్లతో దానికి అవసరపడుతుంది."

అందరూ వినేలా అన్నారు. చిన్నత్తయ్య కాదనలేక పుచ్చుకున్నారు. మా అమ్మ పెళ్లిలో ఇచ్చిన టేకు పీట అది. మైలవరం వెళ్లినప్పుడల్లా చూస్తుంటాను. చిన్నత్తయ్య దాన్ని కాలికింద వేసుకోరు, ఒక పక్క అట్టముక్క దోపి ఫ్రిజ్ కింద పెట్టుకున్నారు. జక్కయ్య వేసిన ఆ గచ్చు అటువైపు అరంగుళం వాలు.